యంత్రాలు వచ్చిన కాలం

ప్రవేశిక

మనం తినే అన్నం వెనుక, కట్టుకునే బట్ట వెనుక, ఎక్కే రైలు వెనుక యంత్రాలు ఉన్నాయి. యంత్రాలు రాకముందు మన పూర్వులు ఎలా పనిచేసేవారు? అవి వచ్చిన తరువాత వారి పని, ఇల్లు, తిండి, తీరిక ఎలా మారాయి? ఈ మార్పు రాయచూరు ప్రాంతంలో ఎలా జరిగిందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

చేతులే యంత్రాలు

కృష్ణా, తుంగభద్ర నదుల మధ్య ఉన్న నేలను రాయచూరు దోఆబు అంటారు. మన జవళగేర ఈ నేలమీదే ఉంది. ఇప్పుడు ఇక్కడ ఎటు చూసినా కాలువలు, వరి పొలాలు కనిపిస్తాయి. కాని 1953లో తుంగభద్ర ఆనకట్ట ప్రారంభమై, ఎడమ కాలువ నీరు అందేవరకు ఇది చాలావరకు మెట్ట నేల. నల్లరేగడిలో జొన్న, పత్తి ముఖ్యమైన పంటలు. జొన్న కడుపు నింపేది. పత్తి ఒంటిని కప్పేది.

పూర్వం చేను నుంచి చీర దాకా సాగే పని అంతా ఊళ్లలోనే జరిగేది. ఆడవాళ్లు చిన్న చేతి పరికరంతో పత్తి నుంచి గింజలను వేరుచేసేవారు. దూదేకులవారు విల్లుతో దూదిని ఏకి మెత్తగా చేసేవారు. ఇళ్లలో అవ్వలు, అమ్మలు, కోడళ్లు రాట్నం మీద నూలు వడికేవారు. సాలెవారు ఆ నూలును పడుగుగా, పేకగా చేసి మగ్గం మీద నేసేవారు. నూనె కావాలంటే ఎద్దు గానుగ ఉండేది. పిండి కావాలంటే ఇంట్లో విసుర్రాయి ఉండేది. వస్తువు ఎవరు చేశారో, ఎవరి కోసం చేశారో ఊరిలో అందరికీ తెలిసేది.

అయితే ఆ కాలంలో అందరూ సుఖంగా ఉండేవారని అనుకోకూడదు. ఒక చీరకు చాలినంత నూలు వడకడానికి ఎన్నో రోజులు పట్టేది. ఏ కులంలో పుట్టినవారు ఆ పనే చేయాలనే కట్టుబాటు ఉండేది. కొందరు కూలి లేకుండా వెట్టిచాకిరి చేయవలసి వచ్చేది. వాన కురవకపోతే పని ఉండేది కాదు, తిండీ ఉండేది కాదు. చేతిపనిలో నేర్పు ఉంది, కష్టమూ ఉంది.

దూరదేశంలో మొదలైన మార్పు

పద్దెనిమిదవ శతాబ్దంలో ఇంగ్లాండులో ఒక పెద్ద మార్పు మొదలైంది. దానిని పారిశ్రామిక విప్లవం అంటారు. 1764 ప్రాంతంలో జేమ్స్ హార్‌గ్రీవ్స్ అనే నేతగాడు ఒకేసారి ఎనిమిది కదుళ్లపై నూలు వడికే యంత్రాన్ని తయారుచేశాడు. 1769లో రిచర్డ్ ఆర్క్‌రైట్ నీటి బలంతో నడిచే నూలు యంత్రానికి హక్కు పొందాడు. అదే సంవత్సరం జేమ్స్ వాట్ ఆవిరి యంత్రాన్ని మెరుగుపరచి హక్కు పొందాడు. 1785లో ఎడ్మండ్ కార్ట్‌రైట్ మరమగ్గాన్ని రూపొందించాడు.

ఈ యంత్రాలు ఇంట్లో పట్టేవి కావు. వాటికి పెద్ద కట్టడం కావాలి, బొగ్గు కావాలి, పెట్టుబడి కావాలి. అందుకే పని ఇంటిని విడిచి మిల్లుకు చేరింది. నిన్నటి వరకు సొంత రాట్నం ఉన్నవారు ఇప్పుడు యజమాని యంత్రం ముందు నిలబడి కూలికి పనిచేయవలసి వచ్చింది. చిన్నపిల్లలను కూడా మిల్లుల్లో రోజుకు పన్నెండు గంటలు, అంతకంటే ఎక్కువ కూడా పనిచేయించేవారు.

మిల్లు నూలు, మిల్లు గుడ్డ చౌక. పంతొమ్మిదవ శతాబ్దంలో అవి ఓడల మీద మన దేశానికి వచ్చాయి. మొదట దెబ్బ తిన్నది రాట్నం. ఇంటిపనుల మధ్య నూలు వడికి నాలుగు డబ్బులు సంపాదించుకునే ఆడవాళ్ల ఆదాయం పోయింది. నేతగాళ్లలో చాలామంది మగ్గం వదలలేదు. మిల్లు నూలు కొనుక్కొని నేయసాగారు. కాని నూలు ధర ఇప్పుడు వారి ఊరిలో తేలేది కాదు. ఎక్కడో దూరాన ఉన్న సంతలో తేలేది.

రాయచూరుకు రైలు

ఇంగ్లాండు మిల్లులకు పత్తి కావాలి. వాటికి అమెరికా నుంచి ఎక్కువగా పత్తి వచ్చేది. 1861 నుంచి 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధం జరిగింది. పత్తి ఓడలు ఆగిపోయాయి. అప్పుడు మిల్లు యజమానుల చూపు మన నల్లరేగడి నేలల వైపు తిరిగింది. పత్తి ధర ఒక్కసారిగా పెరిగింది. యుద్ధం ముగియగానే ధర పడిపోయింది. పెరిగిన ధరను నమ్ముకొని అప్పుచేసిన రైతులు ఇబ్బందుల్లో చిక్కుకున్నారు. ఎక్కడో జరిగిన యుద్ధం మన దేశపు రైతు ఇంటి లెక్కను మార్చింది.

పత్తిని రేవుకు చేర్చాలంటే దారి కావాలి. మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16న బొంబాయి నుంచి ఠాణాకు నడిచింది. దక్షిణాన 1856లో మద్రాసులోని రాయపురం నుంచి రైలు మొదలైంది. బొంబాయి నుంచి ఒక మార్గం, మద్రాసు నుంచి మరొక మార్గం కొంచెం కొంచెంగా ముందుకు సాగి 1871లో కలుసుకున్నాయి. అవి కలిసిన చోటు మన రాయచూరే. అప్పుడు రాయచూరు నిజాం పాలనలో ఉండేది.

అంతకుముందు సరుకులను ఎద్దుబండ్లు, పెరిక ఎద్దులు మోసేవి. బంజారాలు, అంటే లంబాడీలు, వందల ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని ఊరూరా తిరిగి అమ్మేవారు. రైలు వచ్చాక ఆ వ్యాపారం దెబ్బతిన్నది. తరతరాలుగా దారులే ఇల్లుగా బ్రతికిన వారు తండాలలో స్థిరపడి కూలి పనులు, సేద్యం వెతుక్కోవలసి వచ్చింది. అదే రైలు మరికొందరికి కొత్త పనులు చూపింది. పట్టాలు వేయడం, గేట్లు కాయడం, స్టేషన్లలో మూటలు మోయడం వంటి పనులు పుట్టాయి. తీర్థయాత్రలు సులభమయ్యాయి. ఉత్తరాలు త్వరగా అందసాగాయి.

రైలు వచ్చిన అయిదేళ్లకే పెద్ద కరవు వచ్చింది. 1876 నుంచి 1878 వరకు దక్షిణ భారతదేశం అల్లాడిపోయింది. రాయచూరు, బళ్లారి ప్రాంతాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. రైళ్ల మీద ధాన్యం వచ్చింది. కాని ధరలు మండిపోయాయి. పని లేని కూలివాని చేతిలో ధాన్యం కొనడానికి డబ్బు లేదు. లక్షలాది మంది మరణించారు. ధాన్యాన్ని మోయడం రైలుకు తెలుసు. దానిని ఆకలిగొన్నవారి కంచంలోకి చేర్చడం మనుషుల చేతిలో ఉన్న పని.

పత్తి మిల్లుల్లో పని

రైలు వచ్చిన తరువాతి దశాబ్దాలలో రాయచూరు, ఆదోని వంటి పట్టణాలలో జిన్నింగు మిల్లులు, ప్రెస్సులు వెలిశాయి. జిన్ను పత్తి నుంచి గింజను వేరుచేస్తుంది. పత్తి బరువులో దాదాపు మూడింట రెండు వంతులు గింజే ఉంటుంది. గింజ తీసిన దూదిని ప్రెస్సులో గట్టిగా అదిమి బేళ్లు కడతారు. అలా చేస్తే ఒక రైలు పెట్టెలో ఎంతో ఎక్కువ దూది పడుతుంది.

ఈ మిల్లుల పని పత్తి వచ్చే కాలంలోనే ఉండేది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూలీలు వచ్చేవారు. వారిలో ఆడవాళ్లు చాలామంది. నిన్న ఇంటి వాకిట్లో గింజ తీసిన చేతులే ఇప్పుడు మిల్లులో యంత్రానికి పత్తి అందించాయి. కూలి డబ్బు చేతికి వచ్చింది. కులం పనిని విడిచి వేరే పనిచేసే అవకాశం కొందరికి దొరికింది. కాని గదినిండా పత్తి నూగు ఎగిరేది. అది ఊపిరితిత్తుల్లో చేరి దగ్గు, ఆయాసం తెచ్చేది. పత్తి అయిపోతే పనీ అయిపోయేది.

జిన్ను చరిత్రలో మనం మరచిపోకూడని మరొక విషయం ఉంది. అమెరికాలో ఎలీ విట్నీ 1793లో ఒక జిన్నును తయారుచేశాడు. అది ఎందరో మనుషులు చేసే పనిని చేసింది. దానివల్ల పత్తి ఏరే బానిసల శ్రమ తగ్గి ఉంటుందని మనం అనుకుంటాం. జరిగింది అందుకు విరుద్ధం. పత్తి వ్యాపారం లాభసాటి కావడంతో పత్తి తోటలు పెరిగాయి. వాటిలో పనిచేయడానికి మరింతమంది బానిసలను నియోగించారు. యంత్రం శ్రమను తగ్గించగలదు. ఆ తగ్గిన శ్రమ ఫలం ఎవరికి దక్కాలో మాత్రం యంత్రం చెప్పదు.

పొద్దు నుంచి గడియారానికి

పల్లెలో కాలాన్ని పొద్దును బట్టి చెప్పేవారు. కోడి కూసినప్పుడు లేవడం, పొద్దు బారెడెక్కేసరికి చేనికి చేరడం, పొద్దు గూకేసరికి ఇంటికి రావడం అలవాటు. ఎండాకాలంలో పని తక్కువ, కోతల కాలంలో ఎక్కువ. రైలు, మిల్లు ఇలా నడవలేవు. బండివాడు కాసేపు ఆగుతాడు, రైలు ఆగదు. మిల్లు కూత కూసేసరికి కూలీలందరూ గేటు లోపల ఉండాలి. ఆలస్యమైతే కూలి కోత.

ఆ రోజుల్లో ఒక్కొక్క నగరానికి ఒక్కొక్క కాలం ఉండేది. సూర్యుడు తూర్పున ముందు ఉదయిస్తాడు కాబట్టి మద్రాసులో పగలు పన్నెండు గంటలైతే బొంబాయిలో ఇంకా పదకొండున్నరే. ఇలా అయితే రైళ్లను నడపడం ఎలా? అందుకని రైల్వేలు మద్రాసు కాలాన్ని ప్రమాణంగా పెట్టుకున్నాయి. 1906 జనవరి 1 నుంచి భారత ప్రామాణిక కాలం అమలులోకి వచ్చింది. బొంబాయి, కలకత్తా నగరాలు మాత్రం ఆ తరువాత కూడా చాలా ఏళ్లు తమ సొంత కాలాన్ని పాటించాయి. ఇప్పుడు మన బడి గంట మోగేది ఆ ప్రామాణిక కాలం ప్రకారమే.

రోలు నుంచి రైసు మిల్లుకు

గోదావరి మీద ధవళేశ్వరం వద్ద 1852లో, కృష్ణానది మీద విజయవాడ వద్ద 1855లో ఆనకట్టలు పూర్తయ్యాయి. దానితో కోస్తా జిల్లాల్లో వరిసాగు పెరిగింది. అక్కడ వడ్లను ఆడవాళ్లు రోలులో పోసి రోకళ్లతో దంచేవారు. ఇద్దరు ముగ్గురు ఎదురెదురుగా నిలబడి, పోటు తప్పకుండా, పాట పాడుతూ దంచేవారు. పేద స్త్రీలకు దంపుడు ఒక జీవనాధారం. కూలిగా బియ్యమో, నూకలో, తవుడో దొరికేవి.

ఇరవయ్యవ శతాబ్దంలో రైసు మిల్లులు వ్యాపించాయి. చేతులు కాయలు కాసే పని తప్పింది. అది నిజంగా మేలు. కాని దంపుడు కూలి మీద బ్రతికేవారికి పని పోయింది. మరొక చిక్కు కూడా వచ్చింది. దంపుడు బియ్యం మీద కొంత తవుడు పొర నిలిచేది. మిల్లు దానిని పూర్తిగా తీసి బియ్యాన్ని తెల్లగా మెరిపించింది. ఆ తవుడులోనే బి-1 విటమిను ఉంటుంది. తెల్ల బియ్యమే ముఖ్యమైన ఆహారమైన చోట్ల బెరిబెరి అనే జబ్బు కనిపించింది. కోస్తా ఆంధ్ర ప్రాంతం కూడా దాని బాధకు గురైంది. ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు కోళ్లకు పాలిషు బియ్యం పెట్టి పరిశీలించి, ఈ జబ్బుకు తిండితో సంబంధం ఉందని గ్రహించాడు. ఆయనకు 1929లో నోబెల్ బహుమతి లభించింది.

తుంగభద్ర నీరు వచ్చాక కోస్తా జిల్లాల నుంచి ఎందరో తెలుగు రైతులు సింధనూరు, మాన్వి, గంగావతి తాలూకాలకు వచ్చి క్యాంపులు కట్టుకున్నారు. వారితో వరిసాగు పెరిగింది. వరి వెంట రైసు మిల్లులు వచ్చాయి. జొన్నరొట్టె తినే నేల మీద వరి అన్నం కూడా ఇంటింటి తిండి అయింది. పంట మారితే పని మారుతుంది. పని మారితే పళ్లెం కూడా మారుతుంది.

గంటల కోసం పోరాటం

మిల్లుల్లో పని గంటలు తమంతట తామే తగ్గలేదు. పనివారు కలిసి అడిగారు. బొంబాయిలో నారాయణ్ మేఘాజీ లోఖండే మిల్లు కార్మికులను కూడగట్టాడు. వారి ప్రయత్నం వల్ల 1890లో అక్కడి మిల్లు కార్మికులకు ఆదివారం సెలవు దొరికింది. మద్రాసులో 1918లో మిల్లు కార్మికులు సంఘం పెట్టుకున్నారు. తెలుగువారు, తమిళులు అందులో కలిసి పనిచేశారు. మధ్యాహ్న భోజనానికి ఇచ్చే వ్యవధి చాలడం లేదన్నది వారి ఫిర్యాదులలో ఒకటి. చూడడానికి ఇది చిన్న కోరిక. కాని కూర్చొని నెమ్మదిగా అన్నం తినడం కూడా మనిషికి గౌరవమే.

చట్టాలు మెల్లగా వచ్చాయి. 1881 చట్టం ఏడేళ్లలోపు పిల్లలను మిల్లుల్లో పెట్టుకోరాదన్నది. ఏడు నుంచి పన్నెండేళ్ల పిల్లలు రోజుకు తొమ్మిది గంటలు పనిచేయవచ్చునన్నది. 1891 చట్టం ఆ కనీస వయస్సును తొమ్మిదేళ్లకు పెంచి, వారానికి ఒక సెలవు ఇచ్చింది. ఈ చట్టాలు బ్రిటిషు పాలిత ప్రాంతాలకే చెల్లేవి. నిజాం రాజ్యంలోని రాయచూరుకు చెల్లేవి కావు. స్వాతంత్ర్యం వచ్చాక 1948 ఫ్యాక్టరీల చట్టం పెద్దల పనిని వారానికి 48 గంటలకు పరిమితం చేసింది. పద్నాలుగేళ్లు నిండని పిల్లలను ఫ్యాక్టరీల్లో పెట్టుకోరాదన్నది. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చి, ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు చదువును హక్కుగా చేసింది.

ఒకప్పుడు మీ వయస్సు పిల్లలు మిల్లు కూత విని పరుగెత్తేవారు. ఇప్పుడు మీరు బడి గంట విని వస్తున్నారు. ఈ రెండింటి మధ్య ఎందరో పనివారి కష్టం ఉంది.

నేడు మన ముందు

రాయచూరుకు రైలు 1871లో వచ్చింది. అదే జిల్లాలోని సింధనూరుకు 2024లో వచ్చింది. మధ్యలో నూట యాభై ఏళ్లకు పైగా గడిచాయి. కొత్త సాధనాలు అన్ని ఊళ్లకూ ఒకేసారి రావు. అందరికీ ఒకే రకమైన మేలు చేయవు.

ఇప్పుడు మన పొలాల్లో వరికోత యంత్రాలు తిరుగుతున్నాయి. రోజుల తరబడి వంగి కోసే పని గంటల్లో ముగుస్తోంది. రైతుకు వాన భయం తగ్గింది. కోత కూలి మీద ఆధారపడిన కుటుంబం మాత్రం పని వెతుక్కుంటూ మరొక చోటికి వెళ్లవలసి వస్తోంది. రాట్నం నాటి ప్రశ్న, రోకలి నాటి ప్రశ్న మళ్లీ మన ముందు నిలిచింది.

యంత్రం వద్దనడం వివేకం కాదు. రోకటి పోటు కష్టం తెలిసినవారెవరూ అలా అనరు. యంత్రం వచ్చింది కదా అని ఊరుకోవడమూ వివేకం కాదు. దానివల్ల మిగిలిన కాలం ఎవరికి దక్కింది, పని పోయినవారికి ఏ దారి చూపాం అని అడగాలి. అలా అడిగినవారు ఉండబట్టే మనకు వారపు సెలవు వచ్చింది, బడి వచ్చింది. ఆ ప్రశ్నను మరచిపోకుండా అడగడం చదువుకున్నవారి బాధ్యత.

కొత్త పదాలు – అర్థాలు

దోఆబు = రెండు నదుల మధ్య ఉన్న భూమి
నల్లరేగడి = తేమను నిలుపుకొనే నల్లని నేల
ఏకు = దూదిని విడదీసి మెత్తగా చేయు
కదురు = నూలు చుట్టుకొనే ఇనుప పుల్ల
పడుగు = బట్టలో నిలువు దారాలు
పేక = బట్టలో అడ్డ దారాలు
పెరిక = ఎద్దు వీపు మీద వేసే సరుకుల సంచి
పొద్దు గూకు = సూర్యుడు అస్తమించు

అభ్యాసం

అ) ఒక్కొక్క వాక్యంలో సమాధానం వ్రాయండి.
1. రాయచూరు దోఆబు ఏ నదుల మధ్య ఉంది?
2. బొంబాయి, మద్రాసు రైలు మార్గాలు ఎప్పుడు, ఎక్కడ కలిశాయి?
3. ప్రెస్సులో దూదిని బేళ్లుగా ఎందుకు కడతారు?
4. దంపుడు బియ్యానికి, మిల్లు బియ్యానికి తేడా ఏమిటి?

ఆ) నాలుగైదు వాక్యాలలో సమాధానం వ్రాయండి.
1. మిల్లు నూలు రావడం వల్ల రాట్నం వడికేవారికి, నేతగాళ్లకు ఏం జరిగింది?
2. రైళ్లు ధాన్యం తెచ్చినా కరవులో ప్రజలు ఎందుకు మరణించారు?
3. “యంత్రం వద్దనడం వివేకం కాదు” అని రచయిత ఎందుకన్నారు? మీ అభిప్రాయం ఏమిటి?

ఇ) సొంత వాక్యాలలో ప్రయోగించండి.
జీవనాధారం, తరతరాలుగా, కూడగట్టు, తమంతట తామే

ఈ) విడదీసి సంధి పేరు వ్రాయండి.
ఉదా: బారెడెక్కు = బారెడు + ఎక్కు (ఉత్వసంధి)
1. ఎందుకన్నారు 2. ఒకటైంది 3. జీవనాధారం

ఉ) చేసి చూడండి.
మీ ఇంట్లో లేక మీ క్యాంపులో ఉన్న పెద్దవారిని అడిగి, వారి చిన్నతనంలో చేత్తో చేసి, ఇప్పుడు యంత్రంతో చేస్తున్న అయిదు పనుల పేర్లు వ్రాయండి. ఒక్కొక్క పనికి పూర్వం ఎంత సమయం పట్టేదో, ఇప్పుడు ఎంత పడుతుందో, ఆ పని మీద బ్రతికినవారు తరువాత ఏం చేశారో తెలుసుకొని తరగతిలో చెప్పండి.